ఎడమ పురి

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తలో మార్కాపురంలో నా బతుకంతా రెండు చోట్ల సాగేది. పగలు పలకల కార్ఖానా, సాయంత్రం శాఖా గ్రంథాలయం. కార్ఖానాలో నా పని గనుల నుంచి వచ్చిన రాతి బిళ్ళలను నున్నగా అరగదీయడం. ఆ పొడి కనురెప్పల మీద కూడా పేరుకునేది. పని దిగగానే మోచేతుల దాకా కడుక్కుని, అంగీకి తుడుచుకుని గ్రంథాలయం మెట్లెక్కేవాణ్ణి. అక్కడి గుమాస్తా నా చేతులు అటూ ఇటూ తిప్పి చూస్తే గానీ పుస్తకం ఇచ్చేవాడు కాదు.

ఐదో తరగతితో బడి మానేసిన నేను ఆ గదిలో బీరువాలను ఒక కొస నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ పోయాను. నక్షత్రాలు, తేనెటీగలు, రష్యా రైళ్ళు, మశూచికం, ఏది చేతికొస్తే అది. తెలియని మాట ఎదురైతే నిఘంటువు తెరిచేవాణ్ణి. అలా నేర్చుకున్నదంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఎవరో కూర్చోబెట్టి చెప్పింది కాదు, వెతుక్కుని తెచ్చుకున్నది.

ఒక ఎండాకాలం సాయంత్రం, గర్భిణుల గురించి ఒక డాక్టరు రాసిన లావుపాటి పుస్తకం అడిగాను. గుమాస్తా నా చేతులు చూడడం మరిచి ముఖం చూశాడు.

"ఏమప్పా, నీకింకా పెండ్లే కాలేదు గదా."

"మా అక్క కోసం."

"మీ అక్క చదువుతాదా?"

"నేను చదివి చెప్తా."

"అయితే మొత్తం చదివినాకనే చెప్పు. సగం చదివి చెప్పబాక," అని పుస్తకం చేతిలో పెట్టాడు.

అక్కను మార్కాపురం శివారు పల్లెలో ఇచ్చారు. వాళ్ళ వాకిట్లో బయలుదేరితే రెండు బీడీలు కాలేలోపు ఊళ్ళో ఆసుపత్రికి చేరుకోవచ్చు. వాళ్ళది తాళ్ళు పేనే ఇల్లు. కిత్తనార నానబెట్టి, బాది, ఎండబెట్టి, ఎద్దుల పలుపుల నుంచి బావి మోకుల దాకా పేనేవాళ్ళు. ఒకరు ఒక కొస పట్టుకుని పురి తిప్పుతుంటే, రెండోవాళ్ళు నార అందిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. పెండ్లయిన నాటి నుంచి వెనక్కి నడిచేది అక్కే. మా అమ్మ అప్పటికే పోయింది కాబట్టి మొదటి కాన్పుకు కూడా అక్క పుట్టింటికి రాలేదు. నొప్పులు మొదలయ్యే ముందురోజు కూడా తాడు పేనింది. మగబిడ్డ పుట్టాడు, ఊపిరి లేదు. బొడ్డుపేగు మెడకు చుట్టుకుని బిగిసిపోయి ఉంది.

"కడుపుతో ఉండి తాడు పట్టింది. లోపల బిడ్డ తాడు చుట్టుకున్నాడు," అన్నది అక్క అత్తగారు. నేనూ ఆమెను అత్తా అనే పిలిచేవాణ్ణి. ఆమె తిడుతూ అనలేదు, ఏడుస్తూ అన్నది. అందుకే అక్క ఆ మాటను తోసెయ్యలేకపోయింది.

అక్కకు మళ్ళీ నెల తప్పగానే అత్త ఆ ఇంట్లో తాడన్నది కనబడకుండా చేసింది. బావ పేనే పని పొలంలోని పాకకు మారింది. దండెం విప్పేశారు, బట్టలు ముళ్ళకంచె మీద ఆరేవి. ఉట్టి దింపేశారు, పెరుగు కుండ గూట్లోకి చేరింది, ఆ సంగతి పిల్లి త్వరగానే కనిపెట్టింది. బావి దగ్గర చేదతాడు అక్క తాకకూడదు, నీళ్ళన్నీ అత్తే తోడేది. నులక కూడా తాడే కదా అని చివరికి నులకమంచాన్ని పక్కింటివాళ్ళ గొడ్లచావిట్లో పడేయించింది. నిండు నెలల్లో అక్క చాప మీద పడుకునేది. బావ అంగీకి అంటుకున్న నారపీచులు గడప బయటే దులుపుకుని లోపలికి రావాలి.

"మా యమ్మకు నా మొలతాడు ఇంకా కనపళ్ళేదు. కనపడితే అదీ పోతాది," అనేవాడు బావ నాతో, వాళ్ళమ్మకు వినబడేలాగే.

ఆదివారాలు నేను పోయినప్పుడు కార్ఖానాలో అంచు విరిగిన పలక ఒకటి వెంట తీసుకుపోయేవాణ్ణి. బలపంతో గర్భసంచి గీసి, లోపల బిడ్డను గీసి, మాయను గీసి, ఆ రెంటి మధ్య బొడ్డుపేగు గీసేవాణ్ణి.

"దీంట్లో మూడు గొట్టాలు ఉంటాయక్కా. ఒకటేమో మాయలోంచి మంచి నెత్తురు బిడ్డకు తెస్తాది. తక్కిన రెండూ వాడేసిన నెత్తుర్ని ఎనక్కి తీసకపోతాయి. మూడూ నలగకుండా చుట్టూ తాటిముంజె మాదిరి మెత్తగా ఉంటాది. నీ నెత్తురూ బిడ్డ నెత్తురూ యాడా కలవవు."

"కలవకుండా బిడ్డకు కూడెట్ల పోతాదిరా?"

అదే ప్రశ్న దగ్గర నేను గ్రంథాలయంలో చాలాసేపు ఆగిపోయాను. తల్లి రక్తం ఒక పక్క, బిడ్డ రక్తం ఒక పక్క, నడుమ కంటికి ఆనని పొర. ఆ పొర గుండానే ఊపిరి, అన్నం, ఉప్పు అటు నుంచి ఇటు వస్తాయి, చెత్త ఇటు నుంచి అటు పోతుంది. అక్కడ బిడ్డ ఊపిరితిత్తులకు పని లేదు, నోటికి పని లేదు. అంతా ఆ ఒక్క పేగే. ఆ పేజీ చదివిన సాయంత్రం బజారులో నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మనిషి పొట్ట మీదా ఆ ముడి ఉంటుందని గుర్తొచ్చింది. బెల్లం అమ్మే శెట్టికి, జట్కా తోలే సాయిబుకు, ఎవరికీ తేడా లేదు. అందరూ కొన్ని నెలలు ఒక పేగు చివర వేలాడి వచ్చినవాళ్ళే.

అక్కకు నేను అదంతా చెప్పలేకపోయాను. పొర గురించి మాత్రం చెప్పాను. ఆమె పలకను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత, అత్త పెరట్లో ఉన్నది చూసుకుని, చిన్న గొంతుతో అడిగింది.

"నిజం చెప్పు. నేను తాడు పేనినందుకేనా వాడు పోయింది?"

"కాదక్కా. బిడ్డ లోపల ఈదుతా ఉంటాడు. ఈదేటప్పుడు పేగు మెడకు పడతాది. ఎంతోమందికి పడతాది, చాలామంది బాగానే పుడతారు. ఎప్పుడో ఒకసారి బిగుసుకుంటాది. నువ్వు తాడు పట్టినా పట్టకపోయినా దానికి తెలవదు."

"నీకెట్ల తెలుసు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినాయన ఎంతమందిని కన్నాడంట?" పెరట్లోంచి అత్త గొంతు. ఆమె చెవులకు గోడలు అడ్డం కాదు.

"కనలేదత్తా. కన్నోళ్ళను చూసినాడు."

"నేనూ చూసినా. సరేలే, ఈసారీ పేగు మెడలో ఏసుకొని పుడితే నువ్వు మేనమామవి, నూనె గిన్నెలో బిడ్డ నీడ చూడాల. ముందే చెప్తాండా. నేరుగా చూస్తే నీకే గండం."

"నేనట్ల చూడనత్తా. నా మేనల్లుణ్ణి నేను కండ్లతోనే చూస్తా."

"నూనెలో మాత్రం ముక్కుతో చూస్తారా ఏంది?" అన్నది అత్త. అక్క పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కడుపుతో ఉన్న ఆ నెలల్లో ఆమె నవ్వడం నాకు తక్కువ జ్ఞాపకం.

ఇంకో ఆదివారం ఇంకో బొమ్మ గీశాను. పుస్తకంలో అన్నింటికన్నా నన్ను భయపెట్టిన పేజీ అది. అరుదుగా, ఉమ్మనీరు పోయాక తల కంటే ముందే పేగు జారి బయటకు వస్తుంది. అప్పుడు తల దిగి పేగును నొక్కిందంటే బిడ్డకు ఊపిరి ఆగిపోతుంది. పేగును లోపలికి తోయకూడదు, లాగకూడదు. తల్లి మోకాళ్ళ మీద వంగి, రొమ్ము నేలకు ఆనించి, నడుము పైకి ఎత్తి ఉంచాలి. అలాగే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అలా వంగిన ఆడమనిషిని నాకు చేతనైనట్టు గీశాను.

"గొర్రె నీళ్ళు తాగినట్టుండాదే," అన్నది అక్క.

అత్త వచ్చి చూసి, ఇంట్లో ఇట్లాంటి అపశకునం బొమ్మలేందని తడిచేత్తో పలక తుడిచేసింది.

శ్రావణం మొదట్లో, ఆదివారం పొద్దున్నే పల్లెకు పోయేసరికి అక్కకు నొప్పులు మొదలై ఉన్నాయి. లోపల మంత్రసాని, అత్త. అరుగు మీద బావ, నేను. సన్నగా తుంపర పడుతోంది. బావ చేతికి ఏం తోచక గడ్డిపరక ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య పురి పెడుతున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు.

లోపల చెంబు బోర్లాపడ్డ చప్పుడైంది. తర్వాత మంత్రసాని గొంతు వినబడింది. "ముక్కబాక తల్లీ. ఆగు. ముక్కబాక."

"ఏమైందమ్మా?" అన్నాడు బావ.

"నీళ్ళు పోయినాయి. తల కన్నా ముందు పేగు వచ్చినాది. కొట్టుకుంటాంది ఇంకా."

నేను తలుపుకు వీపు ఆనించి, లోపలికి చూడకుండా, వినబడేట్టు చెప్పాను. "అవ్వా, దాన్ని లోపలికి నెట్టొద్దు. చేత్తో తలను పైకి ఆపి పట్టు, పేగు మీద పడకుండా. అక్కను మోకాళ్ళ మీద వంగమను."

"మొగోడివి నీకేం తెలుసురా ఈ సంగతులు? అవతలికి పో."

అప్పుడు అక్క గొంతు వినబడింది, అలసిపోయి, అయినా స్పష్టంగా. "నాకు తెలుసవ్వా. నువ్వు చెయ్యి అట్లనే పెట్టుకో, నేను తిరుగుతా." చాప మీద ఆమె మెల్లగా బోర్లకు తిరిగి మోకాళ్ళ మీద లేస్తున్న చప్పుడు, గాజుల చప్పుడు వినిపించాయి. పలక మీద నుంచి అత్త తుడిచేసిన బొమ్మ అక్క తలలోంచి తుడుచుకుపోలేదు.

"ఆసుపత్రికి ఎత్తకపోవాల," అన్నాను. బండి కడితే జాప్యం, పైగా కుదుపు. మంచమే దారి. బావ గబుక్కున లేచి ఇంట్లోకి రెండడుగులు వేసి ఆగిపోయాడు. మంచం ఉండే మూల ఖాళీ. తాళ్ళు పేనే ఇంట్లో కట్టడానికి తాడు లేదు, మోయడానికి మంచం లేదు. బావ వాళ్ళమ్మ వైపు చూశాడు.

అత్త తుంపరలో పక్కింటి చావిట్లోకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు నులకమంచం ఆమె నెత్తిన ఉంది. మంచం కోళ్ళకు పేడ అంటుకుని ఉంది. ఆ వయసులో అంత బరువు ఎట్లా ఎత్తిందో నాకు తెలియదు. వాకిట్లో దించి, కొంగుతో నులక మీది గడ్డి తుడిచి, "ఎక్కియ్యండి," అన్నది.

మంచం మీద దుప్పటి పరిచి అక్కను అట్లాగే వంగిన మనిషిని వంగినట్టే ఎక్కించారు. మీద ఇంకో దుప్పటి కప్పారు. దుప్పటి కింద మంత్రసాని చెయ్యి ఉన్నచోటే ఉంది. కాళ్ళ వైపు బావ, పక్కింటి పెద్దాయన భుజాలకెత్తుకున్నారు. తల వైపు నేను, పక్కింటాయన కొడుకు మా నడుము ఎత్తులోనే పట్టుకున్నాం. కాళ్ళు పైకి, తల కిందికి. ఎదురొచ్చిన గొర్రెల కాపరి ఒకడు ఆగి, "ఏందిరా, మనిషిని తలకిందులు మోస్తాండారు, జారిపోదూ?" అన్నాడు. అత్త నడుస్తూనే, "గొర్రెల్ని పక్కకు తోలు నాయనా," అన్నది.

ఆ దారంతా నాకు జ్ఞాపకం ఉన్నది ఒకే మాట. నా ముఖానికి దగ్గరగా, దుప్పటి కింద నుంచి అక్క అడిగేది. "కొట్టుకుంటాందా అవ్వా?"

"కొట్టుకుంటాంది."

పది అడుగులు పోయాక మళ్ళీ. "కొట్టుకుంటాందా?"

"కొట్టుకుంటాందమ్మా. నా వేళ్ళకు తగులుతాంది."

పుస్తకంలో నేను చదివింది ఇదే కదా అని ఆ నడకలోనే అనిపించింది. బిడ్డ గుండె కొట్టుకుంటే ఆ దెబ్బ పేగులో కూడా తెలుస్తుందని ఒక వాక్యం ఉంది. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడు ఇంకా పుట్టని ఒక మనిషి, ఒక ముసలామె రెండు వేళ్ళ మధ్య, నేనున్నాను, నేనున్నాను అంటున్నాడు. మేం నలుగురం ఆ చప్పుడును మోసుకుపోతున్నాం. బురదలో కాలు జారితే మొదట భయపడింది అక్క కోసమో ఆ చప్పుడు కోసమో చెప్పలేను.

ఆసుపత్రి గేటు కనబడ్డాక అక్క మళ్ళీ అడిగింది. మంత్రసాని వెంటనే చెప్పలేదు.

"అవ్వా?"

"కొట్టుకుంటాంది. నిదానంగా."

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి దుప్పటి ఎత్తి చూసింది. "కదిలించొద్దు, ఇలాగే లోపలికి తీసుకురండి. ఆ చెయ్యి తియ్యకు," అన్నది మంత్రసానితో. గది తలుపు మూసుకుంది. మంత్రసాని కూడా లోపలే.

పక్కింటి తండ్రీకొడుకులు ఖాళీ మంచాన్ని వరండాలో దించి వెళ్ళిపోయాక బయట మేం ముగ్గురం మిగిలాం. రెండో కాన్పు కాబట్టి దారి తెరుచుకునే ఉందనీ, పట్టుకారు లాంటి సాధనంతో బిడ్డను త్వరగా తీయొచ్చనీ నాకు తెలుసు. బావ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అత్త వరండా చివర మంచం పక్కన కింద కూర్చుని, వదులైన నులక పోగు ఒకటి పట్టుకుని వేలికి చుట్టుకుంటూ ఉంది. ఇన్నాళ్ళూ ఇంట్లోకి రానివ్వని నులక.

లోపల అక్క ఒక్కసారి గట్టిగా అరిచింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చిన్న పిల్ల వీపు మీద తడిగుడ్డతో తట్టే చప్పుడు మాత్రం. మళ్ళీ నిశ్శబ్దం. అత్త వేలికి నులక బిగిసి వేలి కొస తెల్లబడింది, ఆమె చూసుకోలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు ఆ కంటికి ఆనని పొర గుర్తొచ్చింది. ఇన్ని నెలలు పేగు చేసిన పనంతా ఇప్పుడు ఈ క్షణంలో ఊపిరితిత్తులకు అప్పజెప్పాలి. ఎవరూ నేర్పని పని, ఎన్నడూ చెయ్యని పని, మొదటిసారే సరిగ్గా చెయ్యాలి.

ఏడుపు వినబడింది. పెద్దగా కాదు. తుప్పుపట్టిన గడియ తీసినట్టు కీచుమని ఆగి, మళ్ళీ వచ్చి, ఈసారి ఆగలేదు.

బావ కళ్ళు తెరవలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అత్త వేలికి చుట్టిన నులక విప్పుకుంది.

మంత్రసాని బయటకు వచ్చి, "ఆడబిడ్డ. తల్లీ బాగుంది, బిడ్డా బాగుంది," అన్నది. తర్వాత అత్త వైపు తిరిగి, "మెడకు కూడా ఒక చుట్టు ఉండాది. వదులుగానే ఉండాదిలే, డాక్టరమ్మ వేలితో తప్పించినాది," అన్నది.

నేను నర్సును పేగు చూపించమని అడిగాను. ఆమె వింతగా చూసింది గానీ, పింగాణీ బేసిన్ ఒకటి తలుపు దగ్గరికి తెచ్చింది. బావ కూడా నా వెనక వచ్చి తొంగి చూశాడు. మాయ ఎర్రగా, చెట్టు వేళ్ళు పరుచుకున్నట్టు నరాలతో, వెడల్పుగా ఉంది. దాని నడిమి నుంచి పేగు. పాలలో నీలం కలిపినట్టున్న రంగు, తడిగా మెరుస్తూ, పొడవునా మెలికలు తిరిగి. కోసిన కొసన మూడు కన్నాలు, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. పుస్తకంలోని బొమ్మకు రంగు లేదు, తడి లేదు.

బావ చాలాసేపు చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, అంగడిలో మంచి మోకును చూసినట్టు చూశాడు.

"మూడు పేటలు," అన్నాడు. "పురి చూడు, ఎడమ. మనం పేనేదంతా కుడి పురి. ఎడమ పురి చెడు తగలకుండా కట్టే దిష్టితాళ్ళకే పెడతాం." ఇంకొంచెం వంగి, "ఎవురు పేనినార్రా దీన్ని?" అన్నాడు.

నేను చదివిన పుస్తకంలో, ఈ పేగు చాలావరకు ఎడమకే తిరిగి ఉంటుంది, ఎందుకో తెలియదు అని ఉంది. తెలియదని పుస్తకమే ఒప్పుకున్న చోటు అది. బావకు అదే చెప్పాను. తల ఊపాడు.

వెనక్కి తిరిగేసరికి అత్త నా దారికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి గిన్నె. పక్క అంగడికి పోయి నువ్వుల నూనె పోయించుకుని వచ్చింది.

"బిడ్డను తెస్తాండారు. ఇంకా చూళ్ళేదు గదా నువ్వు?"

"లేదత్తా. కానీ..."

"ఈ పొద్దు నువ్వు చెప్పినట్టల్లా ఇన్నాం. తల కిందికంటే కిందికి, కాళ్ళు పైకంటే పైకి. నేను మంచం తెచ్చినా. నా మాట ఒక్కటి నువ్వినవా?"

మంచం మీద తుడిచిన గడ్డి ఆమె కొంగుకు ఇంకా అంటుకునే ఉంది, గిన్నెలో నూనె అంచుల దాకా ఊగుతోంది. నేను గోడ వైపు తిరిగి కింద కూర్చున్నాను. ఆమె గిన్నె నా ముందు నేల మీద పెట్టింది. నూనె నిలకడయ్యే దాకా ఆగాం. నర్సు వెనక నుంచి బిడ్డను నా భుజం మీదుగా వంచి పట్టుకుంది.

నూనె లోపల పసుపు చీకటి. అందులో మొదట నా తల నల్లగా కనబడింది. దాని పక్కన, ఎక్కడి నుంచో తేలి వచ్చినట్టు ఒక ముఖం. వాచిన రెప్పలు, చెంపల మీద సాధనం నొక్కిన ఎర్ర గుర్తు, ఇంకా ఆరని జుట్టు. అట్లాంటి మెత్తని చీకట్లో, అట్లాంటి తడిలోనే కదా ఇంతసేపటి దాకా ఉన్నది అనిపించింది. పుట్టకముందు అక్క కడుపులోకి తొంగి చూస్తే ఇట్లాగే కనబడి ఉండేదేమో. ఏ పుస్తకమూ నాకు చూపించలేని చోటు అది. పిల్ల కళ్ళు తెరిచింది. నూనెలోంచి నన్నే చూసింది, కనీసం నాకట్లా అనిపించింది. నేను కదల్లేదు. ఊపిరి తగిలితే నూనె కదులుతుందని ఊపిరి కూడా బిగబట్టాను.

"చూసినావా?" అన్నది అత్త.

"చూసినా."

"ఎట్లుండాది?"

నేను చదివిన మాటల్లో దానికి మాట లేదు. "మా అక్క మాదిరుంది," అన్నాను.

పురుడు రోజు పొద్దున నేను మళ్ళీ పల్లెకు పోయాను. వాకిట్లో దండెం కట్టి ఉంది, దాని మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. ఉట్టి తిరిగి ఎక్కింది. పిల్ల నులకమంచం మీద నిద్రపోతోంది. ఉయ్యాలకు తాడు కావాలి. బావ పాకలో పేనిన తాళ్ళు ఎన్నో ఉన్నాయి, అయినా అక్క వేప చెట్టు దగ్గర కూర్చుని కొత్త నార సవరిస్తోంది. బాలింత బయట గాలికి కూర్చోకూడదని అత్త ఏమీ అనలేదు. రెండో కొస ఆమే పట్టుకుని నిలబడింది.

ఇద్దరి మధ్య నార బిగువుగా సాగింది. అక్క చెయ్యి అలవాటు చొప్పున కుడికి తిరగబోయింది.

"అట్ల కాదు," అన్నది అత్త. "ఎడమకు తిప్పు."